ఏ వాయిద్యం నేర్చుకోవాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

వీణా, వయొలినా, మృదంగమా అని మీలో మీకు తగవుగా ఉందట, అమ్మ ఫోనులో చెప్పింది. కొనకముందు ఒక్కొక్కదాని దగ్గరా కాసేపు కూర్చుని చూడండి. చెవికి నచ్చింది చేతికి నచ్చాలని లేదు.

వీణ సంగతే చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. దాదాపు నాలుగడుగుల పొడవు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, కుండను, అంటే వీణ కుడి చివరనున్న గుండ్రటి బుర్రను, నేల మీద, సొరబుర్రను ఎడమ తొడ మీద ఆనించి, ఎడమ చేతిని దండి (వీణ పొడుగాటి మెడ) కింద నుంచి పైకి తిప్పి, తీగ నొక్కే మెట్లు అందుకోవాలి. చేయి అందకపోతే రెండేళ్లు ఆగితే మించిపోయేదేమీ లేదు. ఇరవై నాలుగు మెట్లూ కట్టి ఉంటాయి కాబట్టి నొక్కిన చోట స్వరం పలుకుతుంది. కానీ తీగ నొక్కి లాగేసరికి చూపుడువేలి కొన మీద, నడిమివేలి కొన మీద గీతలు పడతాయి. కొబ్బరినూనెలో తడిపిన దూది పక్కన పెట్టుకోండి. వేళ్లు కాయలు కాచేదాకా ఆ మంట తప్పదు.

వయొలిన్‌కు మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే, కాబట్టి చెవి గట్టిదై ఉండాలి. పావు, అర, ముప్పావు సైజుల్లో దొరకడం చిన్నపిల్లలకు పెద్ద సదుపాయం. మొదటి ఏడాది మాత్రం పరీక్ష మీకు కాదు, ఇంట్లోవాళ్లకు!

వేణువులో మొదట గాలి తప్ప నాదం రాదు. విసుగు పడేవాళ్లు దాని జోలికి పోవద్దు. కాళ్లూ చేతులూ ఊరుకోని వాడికి మృదంగం ఇప్పించమనండి. కీబోర్డు చవకే, కానీ కర్ణాటక సంగీతానికి నేను ఒప్పుకోను. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఊగాలి, మామూలు కీబోర్డు మీట దాన్ని ఊపలేదు.

వాయిద్యం కంటే ముందు గురువును వెతకండి. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్‌కు గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పిల్లవాడు తీగల మీద పలికించేవాడు. మీ ఊళ్లో మంచి వీణ టీచరు ఉండి, వయొలిన్‌కు గంట బస్సు ప్రయాణం చేయాల్సి వస్తే, నా ఓటు వీణకే.

ముందు నెల రోజులు సరళీవరసలు, అంటే సంగీతంలో మొదటి స్వరపాఠాలు, గొంతుతో పాడండి. వాయిద్యం అప్పుడే కొనవద్దు. ఇంట్లో వాడనిది ఉంటే కొన్నాళ్లు ఇవ్వగలరా అని టీచరునే అడగండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ