కొలంబియన్ హోటల్ భోజనం: అపోహలు - వాస్తవాలు

ఒకే శనివారం, ఒకే వంటగది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నాయన "చిచర్రోన్ పంది వేపుడు కరకరలాడింది, బీన్స్ అదిరాయి" అని ఐదు స్టార్లు ఇచ్చి వెళ్తాడు. నాలుగున్నరకు వచ్చినాయన అదే ప్లేటు తిని "పన్ను విరిగేలా ఉంది, పైగా ఉప్పు కషాయం" అని ఒక్క స్టార్‌తో సరిపెడతాడు. ఇద్దరు చెప్పిందీ నిజమే. ఎందుకో వంటగదిలో నిలబడితే తెలుస్తుంది.

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్‌లో ఓ కొలంబియన్ రెస్టారెంట్‌లో పనిచేస్తున్నాను. మొదట్లో వంటగదిలో ఉండేవాణ్ని, ఇప్పుడు హాలు కూడా చూసుకుంటున్నాను. రూజ్వెల్ట్ అవెన్యూ మీద, నెత్తిమీద 7వ నంబరు రైలు పోతూనే ఉంటుంది. 74వ వీధి వైపు మన చీరల కొట్లు, స్వీటు దుకాణాలు. 82వ వీధి వైపు నడిస్తే కొలంబియా బేకరీలు. అందుకే మనవాళ్లు కూడా అప్పుడప్పుడూ మా తలుపు తోసుకుని వస్తుంటారు. వాళ్ల నోటా, మిగతావాళ్ల నోటా పదేపదే వినేవే కింద రాస్తున్నాను.

అపోహ: సగం మంది బాగుందని, సగం మంది బాలేదని అంటే అది అంతంతమాత్రం హోటల్

బందేహా పైసానే తీసుకోండి. పైసా అంటే మెదెయీన్ నగరం ఉన్న అంతియోకియా ప్రాంతం వాళ్లు, ఇది వాళ్ల ప్లేటు. అన్నం, ఎర్ర బీన్స్, చిచర్రోన్, కొట్టిన మాంసం, చొరీసో సాసేజ్, గుడ్డు అట్టు, పండిన అరటి వేపుడు, అవకాడో, అరెపా అనే మొక్కజొన్న రొట్టె అన్నీ ఒకే పళ్లెంలో వస్తాయి. ఇన్నింటిలో ఒక్కోదానికి ఒక్కో ఘడియ మంచిది.

చిచర్రోన్ అంటే పంది పొట్టభాగం, తోలుతో సహా. పొడవాటి పట్టీగా కోసి, మాంసం వైపు వేలెడు ఎడంగా గాట్లు పెడతాం. గాటు తోలు దాకా దిగకూడదు. ఉప్పూ కాసిన్ని నీళ్లూ పోసి సన్నమంట మీద పెడితే నీళ్లు ఇంకి, కొవ్వు కరిగి, ఆ కొవ్వులోనే ముక్క వేగుతుంది. ఆఖర్న మంట పెంచితే తోలు బుడగలెత్తి పొంగుతుంది. అంతా కలిపి గంట పైమాటే కాబట్టి, ఆర్డర్ వచ్చాక మొదలుపెట్టే పని కాదు. మెత్తబడేదాకా ముందే ఉడికించి ఉంచుకుని, ఆర్డర్‌కు ఆఖరి వేపుడు వేస్తాం. భోజనాల వేళ ఇది చక్కగా నడుస్తుంది. జనం పలచబడ్డాక, మధ్యాహ్నం వేయించి మిగిలిపోయిన ముక్కను మళ్లీ నూనెలో ముంచిన వంటగదిలోనే తోలు రాయి అవుతుంది.

బీన్స్ కథ వేరు. రాత్రి నానబెట్టి, పొద్దున పంది కాలిముక్కతో ఉడికించి, టమాటా, ఉల్లికాడలు మగ్గబెట్టిన ఓగావో కలుపుతాం. పదకొండు గంటలకు పలచగా ఉంటాయి, రెండింటికి సరైన చిక్కదనానికి వస్తాయి. సాయంత్రం దాకా పొయ్యి మీదే ఉంటే నీరు ఇగిరి ఉప్పు తేలుతుంది. వేడినీళ్లు పోసి సరిచూసే మనిషి ఉంటే ఏ బాధా లేదు. ఆ మనిషికి సెలవైతే మర్నాడు రివ్యూల్లో కనిపిస్తుంది.

అందుకే నేను ఎక్కడైనా తినబోయే ముందు స్టార్లు చూడను. ఏం తిన్నారు, ఏ పూట తిన్నారు అన్నది చూస్తాను.

అపోహ: కొలంబియా వాళ్లే బాలేదన్నారంటే ఇక బాలేనట్టే

మాకొచ్చే ఘాటైన విమర్శలన్నీ కొలంబియా వాళ్లవే. అమెరికన్లు చాలావరకు సర్దుకుపోతారు. బొగోటా సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తున ఉన్న చలి ఊరు, అక్కడి వాళ్లకు పొద్దున్నే వేడివేడి సూపు పడాలి. బర్రాంకియా, కార్తహేనా ఉక్కపోసే కోస్తా ఊళ్లు. అక్కడ వేయించిన చేప, కొబ్బరిపాల అన్నం, లోపల గుడ్డు పెట్టి వేయించే అరెపా. మెదెయీన్ వైపు బీన్స్ లేనిది భోజనం కాదు, పక్కన ఉప్పులేని తెల్ల అరెపా తప్పనిసరి. కాలీ వైపు పాందెబోనో రొట్టెలు, పల్చగా సాగగొట్టి రొట్టె పొడి అద్ది వేయించిన పంది మాంసం ముక్క చులేతా. తమాలుల సంగతి మరీనూ. అరటాకులో చుట్టి ఉడికించే మొక్కజొన్న పిండి ముద్ద తమాల్‌లో ఏమేం ఉండాలో తోలీమా ప్రాంతం వాళ్లను ఒకసారి, వేరే ఊరి వాళ్లను ఒకసారి అడిగి చూడండి, పూట గడిచిపోతుంది.

ఒక పేటలోని ఒక్క హోటల్ ఇవన్నీ మెనూలో పెడుతుంది, పెట్టక తప్పదు. కానీ యజమానిదీ పెద్ద వంటమనిషిదీ ఏ ఊరో ఆ ఊరి వంటే నిఖార్సుగా వస్తుంది. మిగతావి చూసి నేర్చుకున్నవి. కోస్తా ఆమె వండే చోట బొగోటా ఆయన అహియాకో సూపు అడిగి "మా నాయనమ్మ చేసేది ఇది కాదు" అని రాస్తే, ఆయన మాట నిజమే. ఆమె చేతి చేప మాత్రం ఆయన రుచి చూడలేదు.

కాబట్టి అడగాల్సింది "ఇక్కడ ఏది బాగుంటుంది" అని కాదు, దానికి ఎవరైనా బందేహా అనే చెబుతారు. "వంట చేసేవాళ్లది ఏ ఊరు" అని అడగండి. మెదెయీన్ అంటే బీన్స్, కోస్తా అంటే మోహర్రా చేప, బొగోటా అంటే సూపు. మన తెలుగువాళ్లకు నేను ముందుగా చెప్పేది మోహర్రానే. గాట్లు పెట్టి, ముక్కలు చేయకుండా చేపను చేపగానే వేయించిన తిలాపియా, పక్కన పతకోన్లు (పచ్చి అరటికాయ ముక్కల్ని అదిమి వేయించినవి), కొబ్బరన్నం. ముల్లు తీసుకుని తినడం వచ్చిన చేతులకు ఇక చెప్పేదేముంది.

అపోహ: కారం లేదంటే అమెరికా వాళ్ల కోసం తగ్గించారన్నమాట

"అన్నా, మీరు తినే కారం వేయించు, ఈ టూరిస్టుల కారం కాదు." ఈ మాట నాకు అలవాటైపోయింది. దాచిపెట్టిన కారం ఏదీ లేదు. కొలంబియాలో ఇళ్లలోనూ కూర కారంగా ఉండదు. కారం కావలసినవాళ్లకు అహీ అని విడిగా ఒక పచ్చడి ఉంటుంది. సన్నగా తరిగిన ఉల్లికాడలు, కొత్తిమీర, మిరపకాయ, వెనిగరు, నిమ్మరసం. బల్లమీద లేకపోతే అడిగి తెప్పించుకోండి, ఇంకా ఘాటుది ఉందా అని కూడా అడగండి. మా వంటగదిలో సిబ్బంది కోసం ఒక సీసా వేరే ఉంటుంది. అడిగినవాళ్లకు కాదనం.

అరెపా చప్పగా ఉందన్న ఫిర్యాదు కూడా దీని తోబుట్టువే. పైసా అరెపాను ఒట్టిగా కొరుక్కు తింటే చప్పగానే ఉంటుంది. అది జొన్నరొట్టె లాంటిది, పక్కనున్న బీన్స్‌తోనో ఓగావోతోనో తినాలి. ఒట్టిదే తినాలనుంటే లేత మొక్కజొన్నతో చేసే తియ్యటి చోక్లో అరెపా, మధ్యలో జున్ను (చీజ్) పెట్టినది అడగండి.

అపోహ: మెక్సికన్ తిండికే ఇంకో పేరు

టాకోలు ఉండవు, బరీటోలు ఉండవు. మెక్సికో వాళ్లు మొక్కజొన్నను సున్నపునీళ్లలో ఉడికించి రుబ్బి టోర్టియా చేస్తారు. అరెపాకు వాడే మసారెపా పిండి ముందే ఉడికించి ఆరబెట్టి పట్టినది, అందులో సున్నం ఉండదు. వాసనే వేరు. కొలంబియా వాళ్లు బీన్స్‌నూ నూనెలో మెదిపి ముద్ద చేయరు, గింజ గింజగా పులుసుతోనే వడ్డిస్తారు.

అపోహ: అహియాకో అంటే చికెన్ సూపే, దానికంత ధర దండగ

దీనిమీద కాస్త ఎక్కువే రాస్తాను, నాకు ఇష్టం కాబట్టి. బొగోటా అహియాకోలో మూడు రకాల బంగాళాదుంపలు పడాలి. ఒకటి ముక్క విరగకుండా నిలబడేది, ఒకటి సగం చితికేది, మూడోది క్రియోయా అని పసుపుపచ్చగా చిన్నగా ఉండేది. ఈ మూడోది పూర్తిగా కరిగిపోయి సూపుకు చిక్కదనమూ రంగూ ఇస్తుంది. పిండి, క్రీము ఏవీ వేసి చిక్కబరచరు. అమెరికాలో క్రియోయా ఎక్కువగా ఫ్రీజర్ సంచుల్లోనే దొరుకుతుంది. అది లేనప్పుడు మామూలు పసుపు దుంప వేసి లాగించేస్తే రంగు వస్తుంది, కరగడం రాదు. చెంచా ఎత్తితే నీళ్లు వేరుగా, ముక్కలు వేరుగా కనిపిస్తాయి. సరుకు దొరక్క చేసిన అహియాకో అలా పట్టుబడుతుంది.

రెండోది గ్వాస్కాస్ ఆకు. ఎండిన ఆకు పొట్లాలుగా వస్తుంది, దించేముందు నలిపి వేస్తాం. ఇది పడందే అహియాకో కాదు. తెలుగావిడ ఒకరు గిన్నె దగ్గరికి తీసుకుని "బాబూ, ఇందులో ఏం కలిపారు, పచ్చగడ్డి వాసనొస్తోంది" అన్నారు. "ఆ వాసన కోసమే వండేదండీ" అన్నాను. ఆవిడ సగం తిని వదిలేశారు, తప్పేం లేదు. పక్క బల్ల దగ్గర బొగోటా పెద్దాయన మాత్రం మాకు ఇంకాస్త ఆకు పడాల్సిందని చెప్పి వెళ్లారు.

కేపర్లు (ఊరబెట్టిన పుల్లటి మొగ్గలు), క్రీము, అవకాడో విడిగా చిన్న గిన్నెల్లో వస్తాయి, ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకోవడానికి. అన్నీ ఒకేసారి గుమ్మరించేస్తే పుల్లగా అవుతుంది. మొక్కజొన్న కండె చేత్తో తీసుకుని కొరకాల్సిందే, దానికి మర్యాదలు అక్కర్లేదు.

అపోహ: శాకాహారులకు ఏమీ దొరకదు. ఇంకో అపోహ: శాకాహారులకు బోలెడు దొరుకుతాయి

మెనూలో చూస్తే అరెపా, జున్ను, బీన్స్, అన్నం, పతకోన్లు, కర్రపెండలం వేపుడు కనిపిస్తాయి. బాగానే ఉందనిపిస్తుంది. కానీ చాలా చోట్ల బీన్స్‌ను పందిమాంసంతోనే ఉడికిస్తారు. అన్నంలోనూ ఓగావోలోనూ చికెన్ క్యూబ్ (రుచి కోసం వేసే చికెన్ సారం బిళ్ల) పడి ఉండవచ్చు. అరటికాయ వేగే నూనెలోనే చిచర్రోన్ కూడా వేగుతుంది, చిన్న వంటగదుల్లో రెండో మూకుడు ఉండదు. "మాంసం వద్దు" అంటే గొడ్డుమాంసం తీసేసి చికెన్ పెట్టి తెచ్చే వెయిటర్లూ ఉన్నారు, వాళ్ల లెక్కలో మాంసం అంటే గొడ్డుమాంసమే. అందుకని గొడ్డు, పంది, కోడి, చేప అని విడివిడిగా పేరు పెట్టి వద్దనండి. నూనె సంగతి పట్టించుకునేవాళ్లయితే పెనం మీద కాల్చిన జున్ను అరెపా, అవకాడో, పళ్లరసం దగ్గరే ఆగడం మంచిది. గొడ్డుమాంసం మాత్రమే తిననివాళ్లు కజ్జికాయలా మడిచి వేయించే ఎంపనాదా దగ్గర జాగ్రత్త, లోపల బంగాళాదుంపతో పాటు సాధారణంగా అదే ఉంటుంది.

అపోహ: మాంసం పల్చగా, బాగా కాలి వచ్చిందంటే వంట రానట్టే

కార్నె అసాదాను పల్చగా కోసి లోపలి దాకా కాలుస్తారు. పద్ధతే అంత. లోపల ఎర్రగా కావాలంటే మందంగా కోసే చుర్రాస్కో తీసుకుని, ఎలా కావాలో ముందే చెప్పండి.

అపోహ: పళ్లరసంలో నీళ్లు కలిపి మోసం చేస్తారు

మెనూలోనే ఉంటుంది, నీళ్లతోనా పాలతోనా అని. లులో, పాషన్‌ఫ్రూట్ పుల్లనివి, నీళ్లతో బాగుంటాయి. గ్వానాబనా పాలతో. ఇది మన లక్ష్మణఫలమే. ఇంకో మాట, పనేలా నీళ్లు అడిగి చూడండి. అచ్చం మన బెల్లం నీళ్లే, వేడిగా ఇస్తారు, అందులో జున్నుముక్క వేసుకుంటారు. చెరకు బెల్లం తయారీలో భారత్ తర్వాతి స్థానం కొలంబియాదే.

అపోహ: ఆలస్యమైతే, బిల్లు తేకపోతే మనల్ని లెక్కచేయనట్టే

అడగకుండా బిల్లు పెట్టడం అంటే లేచి వెళ్లమన్నట్టు అని అక్కడివాళ్ల మర్యాద. చేయి ఎత్తి అడిగితే వస్తుంది. చేపను ముక్కలు చేయకుండా వేయించడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. కాకపోతే ఆదివారం ప్రార్థనలయ్యాక ఒంటిగంట నుంచి నాలుగు దాకా పెద్ద కుటుంబాలు వచ్చి పడతాయి, అప్పుడు నిజంగానే మేం అందుకోలేం. దానికి సాకు చెప్పను. వారం మధ్యలో మధ్యాహ్నం రండి. సూపు, ప్లేటు, పళ్లరసం కలిపి చవగ్గా రోజువారీ భోజనం ఉంటుంది. మాంసం, దుంపలు వేసి ఉడికించే సంకోచో పులుసు కావాలంటే మాత్రం ఆదివారం తప్పదు, ఆ రద్దీలోనే తినాలి.

ఇవి మాత్రం అపోహలు కావు

అరెపా రబ్బరులా సాగితే అది మైక్రోవేవ్‌లో వేడిచేసినది, వెనక్కి పంపండి. పతకోన్‌ను రెండుసార్లు వేయించాలి, మధ్యలో అదిమి పల్చగా చేయాలి. మెత్తగా నూనె కారుతూ వస్తే రెండో వేపుడు సరిగా పడలేదని అర్థం. తీపి అరటి వేపుడు తియ్యగా లేకపోతే తొక్క నల్లబడకముందే వేయించేశారు. నూనె మాడు వాసన కొడితే ఏ సర్దుబాటూ వద్దు. పప్పూ అన్నం తిని పెరిగినవాళ్లం కాబట్టి ఉప్పు సంగతి కూడా మొహమాటపడకుండా చెప్పండి, పొయ్యి దగ్గర వాళ్లకు ఆ సమాచారం కావాలి. తిని ఇంటికెళ్లి రాస్తే ఆ పూట బీన్స్ బాగుపడవు.

అపోహ: టిప్పు బలవంతపు వసూలు

కొలంబియాలో టిప్పు ఇష్టపూర్వకమే, 2018లో వచ్చిన 1935వ నంబరు చట్టంలో ఆ మాటే ఉంది. బిల్లు మీద వేయమంటారా అని అడుగుతారు, మామూలుగా 10 శాతం. న్యూయార్క్‌లో కథ వేరు. ఇక్కడ వడ్డించేవాళ్ల కనీస వేతనంలో కొంత భాగాన్ని టిప్పుల్లోంచే లెక్కగట్టుకోవడానికి యజమానికి వీలుంది, అందుకే 18 నుంచి 20 శాతం ఆనవాయితీ. కొలంబియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లూ 10 పెట్టి వెళ్తుంటారు, మావాళ్లు గొణుక్కుంటారు. అయితే పెద్ద గుంపుగా వచ్చినప్పుడు బిల్లు చివరి వరుసలు చదవండి. గ్రాట్యుటీ (అంటే టిప్పే) అప్పటికే కలిపి ఉంటే, కార్డు మిషను మళ్లీ శాతాలు చూపించినా సున్నా నొక్కవచ్చు.