మెరిసే కాగితానికి దాహం ఎంత?

ఇంట్లో పచ్చళ్ళు, పొడులు తయారుచేసి అమ్ముకునే ఒక పాఠకురాలు నాకు రెండు కాగితాలు పంపారు. రెండూ ఏ4 సైజువే. రెండూ అద్దంలా మెరుస్తున్నాయి. తమ ఇంక్‌జెట్ ప్రింటర్‌తో ఒకే బ్రోచర్‌ను రెండింటి మీదా అచ్చు వేశారట. మొదటిదాని మీద ఆవకాయ ఎరుపు నోరూరించేలా వచ్చింది. రెండోదాని మీద అదే ఎరుపు చిన్న చిన్న పూసలుగా విడిపోయింది. మర్నాడు ముట్టుకున్నా బొటనవేలికి అంటుకుంది. "రెండూ గ్లాసీ పేపర్లే. పైగా రెండోదే బరువైనది, ఖరీదైనది. లోపం ప్రింటర్‌దా, ఇంకుదా?" అని అడిగారు.

ప్రింటర్‌దీ కాదు, ఇంకుదీ కాదు. రెండోది పుస్తకాలు, పత్రికలు అచ్చువేసే ఆఫ్‌సెట్ యంత్రాలకూ లేజర్ ప్రింటర్లకూ ఉద్దేశించిన ఆర్ట్ పేపర్. చైనా మట్టి, సున్నపురాయి పొడి కలిపిన పూత వేసి, ఉక్కు రోలర్ల మధ్య నొక్కి దాన్ని నునుపు చేస్తారు. ఆఫ్‌సెట్ ఇంకు నూనెతో చేసిన ముద్ద. లేజర్ టోనరు వేడికి కరిగి అతుక్కునే ప్లాస్టిక్ పొడి. ఆ రెండింటికీ అలాంటి ఉపరితలం చాలు. ఇంక్‌జెట్ ఇంకు అలా కాదు, దానిలో అధిక భాగం నీళ్ళే. ఆ నీటిని చప్పున తాగేసే చోటు ఆర్ట్ పేపర్‌లో లేదు.

ఇక్కడే నన్ను ఏళ్ళుగా ఆకట్టుకుంటున్న చిక్కు ఒకటి ఉంది. కాగితం మెరవాలంటే ఉపరితలం నునుపుగా ఉండాలి. నీళ్ళు తాగాలంటే దానికి రంధ్రాలుండాలి. నునుపూ రంధ్రాలూ ఒకే చోట ఎలా ఇముడుతాయి?

రంధ్రాల కొలతలోనే జవాబుంది. మంచి ఇంక్‌జెట్ గ్లాసీ కాగితం పైపూతలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) లేదా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) రేణువులు ఉంటాయి. వాటి మధ్య సందులు ఇంచుమించు 20 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. ఇసుక దారిలో పోయే ఎడ్లబండి చక్రానికి ఇసుక రేణువుల మధ్య సందులు తెలియవు, దాని లెక్కన అది చదునైన నేలే. అదే నేల మీద చీమకు అడుగడుగునా గొయ్యి. ఇక్కడ కాంతి బండి చక్రం, నీటి అణువు చీమ. 20 నానోమీటర్ల సందులో దాదాపు 70 నీటి అణువులు వరసగా నిలబడగలవు. కాంతికి మాత్రం ఆ సందు ఉన్నట్టే తెలియదు. అందుకే అది చెదరకుండా అద్దం మీద పడినట్టు పడి తిరిగి వస్తుంది. మామూలు తెల్ల కాగితం సంగతి వేరు. దాని నార పోగు వెడల్పే 20 వేల నానోమీటర్లకు పైన. కాంతి అక్కడ చిందరవందరగా చెదిరిపోతుంది. ఇంకు కూడా పోగుల వెంట పాకి అక్షరాల అంచులకు మీసాలు మొలిపిస్తుంది.

ఇంత చిన్న రంధ్రంలోకి ఇంకు తనంతట తాను వెళుతుందా? వెళుతుంది, మహా బలంగా వెళుతుంది. కేశనాళికత గురించి బడిలో అందరం చదువుకున్నాం. సన్నని గాజు గొట్టంలో నీరు పైకెక్కే బొమ్మ గీయించి, నిర్వచనం రాయించి, పాఠం ముగించేస్తారు. గొట్టం సన్నబడేకొద్దీ లాగే ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఒక్కసారైనా లెక్క కట్టించి ఉంటే పిల్లలు ఆ పాఠాన్ని జన్మలో మరచిపోరు. ఇప్పుడు కట్టి చూద్దాం. ఇంకు తలతన్యతను, అంటే దాని పైపొర బిగువును, మీటరుకు 0.035 న్యూటన్లనుకుందాం. రంధ్రం వ్యాసార్ధం 10 నానోమీటర్లు. తలతన్యతను రెట్టింపు చేసి వ్యాసార్ధంతో భాగిస్తే 70 లక్షల పాస్కల్‌లు వస్తుంది. అంటే వాతావరణ పీడనానికి దాదాపు 70 రెట్లు! బల్ల మీద కదలకుండా పడివున్న కాగితం అంత ఒత్తిడితో ఇంకును లోపలికి లాగుతోంది.

అయితే సన్నని గొట్టంలో రాపిడి కూడా ఎక్కువే. అమెరికా రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాష్‌బర్న్ 1921లో ప్రకటించిన సూత్రం ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తుంది. ద్రవం లోపలికి సాగిన దూరం కాలపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. అంటే రెట్టింపు లోతుకు నాలుగు రెట్ల సమయం కావాలి. ఇంకు చిక్కదనం నీటికి మూడు రెట్లు ఉంటుందనుకుంటే, 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతుకు చేరడానికి సుమారు 7 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రింటర్ వదిలే ఒక్కో చుక్క ఘనపరిమాణం 4 పికోలీటర్లయితే (పికోలీటరంటే లీటరులో లక్ష కోట్ల వంతు) దాని వ్యాసం కూడా 20 మైక్రాన్లే. పక్క చుక్క వచ్చి కలిసేలోపే మొదటిది లోపలికి దిగిపోవాలి. ఆర్ట్ పేపర్ మీద అది దిగలేదు. అందుకే పక్కపక్క చుక్కలు కలిసి ఆవకాయ ఎరుపు పూసలు కట్టింది.

నీళ్ళు దిగాయి సరే, రంగు మాత్రం పైన ఉండిపోవాలి కదా. రంగు కూడా నీటితోపాటు అడుగుకు పోతే బొమ్మ వెలవెలబోతుంది. ఈ ప్రశ్న దగ్గరే నాకు శ్రీకాళహస్తి కలంకారీ గుర్తొస్తుంది. అక్కడి చిత్రకారులు బట్టను ముందుగా కరక్కాయ కషాయం కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళలో కలం ముంచి గీస్తే, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి నల్లని గీత పడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. తరువాత బట్టను ఏటి ప్రవాహంలో ఉతికి, చిరువేరు వంటి ఎర్రరంగు వేళ్ళతో కలిపి ఉడికిస్తారు. పటిక తాకిన చోటే ఎరుపు నిలుస్తుంది. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలునూ మరో చేత్తో రంగునూ పట్టుకుంటుంది.

గ్లాసీ కాగితంలో ఈ పని చేసేది కూడా చాలాసార్లు అల్యూమినియమే. అల్యూమినా రేణువుల ఉపరితలం మీద ధన విద్యుదావేశం ఉంటుంది. ఇంకులోని రంగు అణువులది రుణావేశం. నీరు కిందికి జారుతుంటే రంగు అణువులు దారిలోనే రేణువులకు అంటుకుపోతాయి. సిలికా పూతకు ఆ గుణం లేదు కనుక ధనావేశం గల పాలిమర్‌ను కలుపుతారు. కలంకారీలో అల్యూమినియానికీ రంగుకూ మధ్య ఏర్పడేది గట్టి రసాయన బంధం. కాగితంలో ఉన్నది ఎక్కువగా విద్యుదాకర్షణ. కలంకారీ ఉతుకులకు తట్టుకోవడానికీ, ఇంక్‌జెట్ బొమ్మకు అంత ఓర్పు లేకపోవడానికీ ఇదొక కారణం.

బరువును బట్టి నాణ్యత చెప్పే నమ్మకం మనలో గట్టిగా నాటుకుపోయింది. జీఎస్ఎం ఎక్కువైతే కాగితం మంచిదని దుకాణాల్లోనూ చెబుతుంటారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పే అంకె, అంతే. పూత ఎంత మందమో అది చెప్పదు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు కాబట్టి 130 జీఎస్ఎం కాగితాలు పది కలిపి 81 గ్రాములు తూగాలి, 180వి అయితే 112 గ్రాములు. పచ్చళ్ళు తూచే ఎలక్ట్రానిక్ త్రాసుతో పెట్టె మీది అంకె నిజమో కాదో తేల్చుకోవచ్చు. పూత సంగతి వేరే లెక్క. 30 మైక్రాన్ల పూతలో సగం ఖాళీ అనుకుంటే ఏ4 కాగితం 0.9 మిల్లీలీటర్ల ఇంకు తాగగలదు. పూత 10 మైక్రాన్లే ఉంటే 0.3 మిల్లీలీటర్లకే దాని కడుపు నిండుతుంది. ప్రింటర్‌లో కాగితం రకం సరిగ్గా ఎంచుకోమని చెప్పేది ఇందుకే. ఎంత ఇంకు చల్లాలో ప్రింటర్ ఆ ఎంపికను బట్టే నిర్ణయించుకుంటుంది.

కొనేటప్పుడు పెట్టె మీద 'ఇంక్‌జెట్' అనే మాట ఉందో లేదో చూడండి. బ్రోచర్‌కు రెండు వైపులా పూత కావాలి, ఫొటో పేపర్లలో చాలావాటికి ఒక వైపే ఉంటుంది. కొద్దిగా తడి చేసిన వేలితో ఒక మూల తాకితే పూత ఉన్న వైపు వేలికి అతుక్కున్నట్టు తెలుస్తుంది. మడిచే ముందు, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి మడత గీత నొక్కాలి. లేకపోతే మడత దగ్గర పూత పగిలి తెల్లని చార పడుతుంది. ఇంకు పిగ్మెంట్ రకమైతే, అంటే నీటిలో కరగని రంగు పొడితో చేసినదైతే, రేణువులు సుమారు 100 నానోమీటర్లుంటాయి. అవి రంధ్రాల్లో పట్టక పైనే నిలుస్తాయి, గోరు గీతలు పడతాయి. కరిగే రంగుల ఇంకైతే లోపలికి దిగుతుంది కానీ, తెరిచి ఉన్న రంధ్రాల గుండా గాలిలోని ఓజోన్ చేరి రంగును వెలిసిపోయేలా చేస్తుంది. దుకాణం గోడకు అంటించే బ్రోచర్‌ను అద్దం వెనక పెట్టడం మేలు.

ఆ పాఠకురాలి దగ్గర మిగిలిన ఆర్ట్ పేపర్ వృథా కానక్కరలేదు. లేజర్ ప్రింటర్ ఉన్న జిరాక్స్ దుకాణానికి తీసుకెళితే దాని మీద చక్కటి బ్రోచర్లు వస్తాయి. మొదటి రకాన్ని మాత్రం అక్కడికి తీసుకెళ్ళకూడదు. టోనరును కరిగించే రోలరు వేడి దాదాపు 200 డిగ్రీల దాకా ఉంటుంది. ఫొటో పేపర్ల అడుగున తరచుగా ఉండే పాలిథీన్ పొర అంతకు చాలా ముందే కరిగి రోలరుకు చుట్టుకుంటుంది.