చెరువు బురద, రెండు సీసాలు

ఎండాకాలంలో మా కాలనీ వెనక చెరువు నీళ్లు వెనక్కి పోయినప్పుడు, అంచున ఉన్న బురద కాస్త తెచ్చి ఒక లీటరు సీసాలో సగం నింపి, పైన అదే చెరువు నీళ్లు పోసి, మూత పెట్టకుండా బాల్కనీలో ఉంచాను. వాసన గురించి ఇంట్లోవాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయను. పది రోజులయ్యేసరికి బురదలో గీత గీసినట్టు రెండు రంగులు కనబడ్డాయి. పైన గోధుమ రంగులో సన్నటి పొర, మందం మహా అయితే మూడు నాలుగు మిల్లీమీటర్లు. దాని కింద అంతా కాటుక నలుపు.

గాలిలోని ఆక్సిజన్ ఆ గోధుమ పొర దాకానే దిగుతుంది. అక్కడ ఇనుము తుప్పు రంగులో ఉంటుంది, కింద ఆక్సిజన్ అందక గంధకంతో కలిసి నల్లబడుతుంది. చెరువులోకి వచ్చిన నత్రజని బయటికి పోతుందా, లోపలే ఉండిపోతుందా అన్నది తేలేది ఈ రెండు రంగులు కలిసే చోటే.

హైదరాబాద్ చెరువుల్లోకి నత్రజని ఎక్కువగా వచ్చేది మురుగునీటితో. మూత్రంలోని యూరియా అయినా, కుళ్లిన ఆకులైనా, సూక్ష్మజీవులు విరగ్గొట్టాక మిగిలేది అమ్మోనియా. గోధుమ పొరలో ఉండే నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని ఆక్సిజన్‌తో కలిపి నైట్రైట్ చేస్తాయి, ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి. ఈ మార్పులో పుట్టే శక్తితోనే అవి బతుకుతాయి. 1890 ప్రాంతంలో ఈ సంగతి తేల్చింది సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. ఆయన కూడా బురదని గాజుపాత్రలో పెట్టి చూసేవాడని చెప్పాక నా సీసాకి ఇంట్లో కాస్త మర్యాద దక్కింది. అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్క చేత్తో చేసే నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియా రకాలూ ఉన్నాయని 2015లో గానీ బయటపడలేదు.

తయారైన నైట్రేట్ మెల్లగా కింది నల్ల బురదలోకి ఇంకుతుంది. అక్కడి బ్యాక్టీరియాకి ఆక్సిజన్ లేదు కదా, నైట్రేట్‌తోనే ఊపిరి తీసుకుంటాయి. అందులోని ఆక్సిజన్ పరమాణువులని ఒక్కోటే ఊడబెరుక్కుంటూ పోతే చివరికి మిగిలేది నత్రజని వాయువు, అంటే మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్నదే. అది పైకి వచ్చి గాలిలో కలిసిపోతుంది, దాంతో చెరువుకి ఆ భారం తీరినట్టే. పని మధ్యలో ఆగితేనే చిక్కు, అప్పుడు వచ్చేది నైట్రస్ ఆక్సైడ్. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు ఘాటు. అన్ని బ్యాక్టీరియా నత్రజనిని బయటికి పంపవు కూడా, కొన్ని నైట్రేట్‌ని తిప్పి అమ్మోనియాగానే మారుస్తాయి, కుళ్లే సరుకు ఎక్కువై నైట్రేట్ తక్కువగా ఉన్నచోట వాటిదే పైచేయి.

మన చెరువుల్లో పని ఆగిపోయేది కింద కాదు, పైన. మురుగు మరీ ఎక్కువైతే అది కుళ్లడానికే నీటిలోని ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది, గాలిలోంచి మళ్లీ దిగాల్సిన కాస్తని పైన చాపలా పరుచుకున్న గుర్రపు డెక్క అడ్డుకుంటుంది. గోధుమ పొరే లేకపోతే అమ్మోనియా నైట్రేట్ అవ్వదు, కింద ఉన్నవాటికి పీల్చడానికి ఏమీ అందదు. వంటవాళ్లంతా సిద్ధంగానే ఉన్నారు, సరుకులే రాలేదు. గుర్రపు డెక్క నత్రజనిని తాగేస్తుంది కదా అంటారు. తాగుతుంది, కానీ తీసి గట్టు మీద పడేయకపోతే కుళ్లి మళ్లీ నీళ్లలోకే.

జమ్ము వేరే తరహా. అది ఆకుల నుంచి గాలిని వేళ్ల దాకా పంపిస్తుంది, అందులో కొంత బురదలోకి కారుతుంది. నల్ల బురదలోంచి ఒక జమ్ము మొక్క పీకి వేళ్లు కడిగి చూడండి, సన్న వేళ్ల చుట్టూ తుప్పు రంగు తొడుగు కనిపిస్తుంది. అంటే ప్రతి వేరు చుట్టూ ఒక చిన్న గోధుమ పొర, దాన్ని ఆనుకునే నలుపు. హైదరాబాద్‌లోని నెక్నాంపూర్ చెరువులో నీళ్లు శుభ్రం చేయడానికి మొక్కల తెప్పలు తేల్చినప్పుడు కూడా అసలు పని కిందికి వేలాడే వేళ్లది, వాటిని పట్టుకుని బతికే సూక్ష్మజీవులది. చెరువు బాగుచేయడమంటే అంచు జమ్మంతా లాగేసి చుట్టూ రాతి గోడ కట్టడం అనుకునేవాళ్లని చూస్తే అందుకే నాకు చిరాకు.

తర్వాత రెండో సీసా పెట్టాను, అదే బురద, అదే నీళ్లు. గోధుమ పొర తేలాక మూత గట్టిగా బిగించాను. కొన్నాళ్లకి పొర పలచబడి, మొత్తం నల్లగా అయిపోయింది. మూత తీసిన రోజు మా ఆవిడ సీసాని మెట్ల కిందికి మార్పించింది, అక్కడే మళ్లీ మెల్లగా గోధుమ రంగు తేలుతోంది.