ఒకే సింఫనీ, ఎన్నో పాఠాలు: బ్రూక్నర్ నాలుగో సింఫనీ నేపథ్యం

1932 ఏప్రిల్ 2న మ్యూనిక్‌లో జరిగిన ఒక కచేరీలో ఒకే సింఫనీని రెండుసార్లు వాయించారు. అది ఆస్ట్రియన్ స్వరకర్త ఆంటన్ బ్రూక్నర్ తొమ్మిదో సింఫనీ. ఒకసారి, అప్పటికి దాదాపు 30 ఏళ్లుగా లోకం వింటున్న అచ్చుప్రతి ప్రకారం. ఇంకోసారి, బ్రూక్నర్ తన చేత్తో రాసిపెట్టి పోయిన ప్రకారం. వాయించింది మ్యూనిక్ ఫిల్‌హార్మనిక్, నడిపించింది జీగ్మండ్ ఫాన్ హౌసెగ్గర్.

ఆ అచ్చుప్రతిని 1903లో తెచ్చినవాడు బ్రూక్నర్ శిష్యుడు ఫెర్డినాండ్ లోవె. గురువు 1896లోనే కన్నుమూశాడు. నాలుగో భాగం పూర్తికాలేదు. ఉన్న మూడు భాగాల్లోనూ లోవె వాద్యాలను తిరిగి పంచాడు, మూడో భాగం పతాకస్థాయిలో చెవిని కోసే అపశ్రుతిని మెత్తబరిచాడు. ఇదంతా చేసి, చేశానని అచ్చుప్రతిలో ఒక్క మాట కూడా చెప్పలేదు. మ్యూనిక్ కచేరీతో తేడా ఏమిటో చెవులకే తెలిసిపోయింది. ఇక లోవె ప్రతికి కాలం చెల్లింది.

ఆ రోజు జరిగింది న్యాయమే. కానీ దాని వెనకాలే ఒక కథ స్థిరపడిపోయింది: అమాయకుడైన గురువు, చేతివాటం చూపించిన శిష్యులు, మరుగునపడ్డ రాతప్రతి, దాన్ని వెలికితీసిన పండితులు. తొమ్మిదో సింఫనీకి ఇది సరిపోతుంది. అదే కొలత పట్టుకుని మిగతా సింఫనీలన్నిటినీ కొలిచారు. ఎక్కువ అన్యాయం జరిగింది ‘రొమాంటిక్’ అని బ్రూక్నరే పేరు పెట్టుకున్న నాలుగో సింఫనీకి అని నా అభిప్రాయం.

ఈ సింఫనీ మొదలవడమే ఒక అద్భుతం. తీగవాద్యాలు సన్నగా వణుకుతూ ఉంటే, ఆ పొగమంచులోంచి ఒక్క హార్న్ (ఊదే ఇత్తడి వాద్యం) పలుకుతుంది. మన స్వరాల్లో చెప్పాలంటే ప–స–ప, అంతే. రెండోసారి పిలిచినప్పుడు మొదటి పంచమం బదులు శుద్ధ ధైవతాన్ని తాకుతుంది. ఆ ఒక్క స్వరంతో వెలుగు మీద నీడ పడ్డట్టు ఉంటుంది. ఈ పిలుపు సింఫనీ అన్ని పాఠాల్లోనూ, అంటే వేర్వేరు కాలాల్లో తిరగరాసిన రూపాలన్నిటిలోనూ, ఉంది. తేడాలన్నీ దాని తర్వాతే.

బ్రూక్నర్ దీన్ని 1874 జనవరి 2న మొదలుపెట్టి నవంబరు 22న ముగించాడు. వియన్నాకు వచ్చి ఆరేళ్లయింది, ఆ ఏడే 50 నిండాయి. ఎగువ ఆస్ట్రియాలో బడిపంతులుగా, ఆర్గన్ వాద్యకారుడిగా బతికిన మనిషి. ఆ మొదటి పాఠం వింటే దాని సాహసానికి ఆశ్చర్యం వేస్తుంది. చివరి భాగంలో ఒక వర్గం వాద్యాలు ఐదేసి స్వరాల గుంపులు పలుకుతుంటే, ఇంకో వర్గం మామూలు నడకలో వెళుతుంది. ఆర్కెస్ట్రాను కలిపి ఉంచడమే కష్టం. మూడో భాగం స్కెర్ట్సో కూడా మనం ఇప్పుడు తరచూ వినేది కాదు. ఒంటరి హార్న్ పిలిచి ఆగిపోవడం, మళ్లీ పిలవడం, మధ్యలో పెద్ద మౌనాలు. ఈ పాఠాన్ని బ్రూక్నర్ బతికుండగా ఎవరూ వాయించలేదు. 1877 అక్టోబరులో బెర్లిన్‌లోని విమర్శకుడు విల్హెల్మ్ టాపర్ట్‌కు రాసిన ఉత్తరంలో, సింఫనీని అత్యవసరంగా, మొదలంటా తిరగరాయాలని తానే ఒప్పుకున్నాడు. రెండో భాగంలో వయొలిన్లకు వాయించలేని గమకాలు పెట్టానని, వాద్యాల కూర్పు అక్కడక్కడా బరువైందని ఆయన ఫిర్యాదు.

అదే ఏడు డిసెంబరు 16న మూడో సింఫనీని తానే నడిపించి ఘోరంగా దెబ్బతిన్నాడు. శ్రోతలు భాగం భాగానికీ లేచి వెళ్లిపోయారు. చివరికి మిగిలిన కొద్దిమందిలో, తర్వాత పెద్ద స్వరకర్త అయిన గుస్తావ్ మాలర్ ఒకడు, అప్పటికి కుర్రవాడు. ఆ గాయంతోనే 1878లో నాలుగో సింఫనీని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. స్కెర్ట్సోను పూర్తిగా పక్కనపెట్టి కొత్తది రాశాడు. హార్న్‌లు గుంపుగా దౌడు తీసే వేట సంగీతం అది, ఇవాళ అందరికీ తెలిసిన స్కెర్ట్సో. చివరి భాగాన్నీ కుదించి, దానికి ‘ఊరి పండుగ’ అని అర్థం వచ్చే ‘ఫోక్స్‌ఫెస్ట్’ అన్న పేరు పెట్టాడు. అదీ తృప్తినివ్వలేదు. 1880కల్లా ఇంకో కొత్త చివరి భాగం రాశాడు. ఆరేళ్లలో ఒకే సింఫనీకి మూడు ముగింపులు!

1881 ఫిబ్రవరి 20న హాన్స్ రిష్టర్ నాయకత్వంలో వియన్నా ఫిల్‌హార్మనిక్ దాన్ని వాయించింది. వియన్నాలో బ్రూక్నర్ సింఫనీకి దక్కిన మొదటి పెద్ద విజయం ఇదే. రిహార్సల్ అయ్యాక బ్రూక్నర్ పట్టలేని సంతోషంతో రిష్టర్ చేతిలో ఒక నాణెం పెట్టి, దీంతో బీరు తాగమన్నాడని, రిష్టర్ ఆ నాణేన్ని గడియారపు గొలుసుకు తగిలించుకుని జీవితాంతం దాచుకున్నాడని చెబుతారు.

అక్కడితో కథ ఆగి ఉంటే మనకు ఈ చర్చే లేదు. 1887–88లో శిష్యుడు లోవె మరో ప్రతి తయారుచేశాడు. షాల్క్ సోదరులు ఫ్రాంట్స్, యోసెఫ్ చేయి కూడా ఇందులో ఉండొచ్చు. 1888 జనవరి 22న రిష్టరే దాన్ని వియన్నాలో వాయించాడు. 1889లో ఆల్బర్ట్ గుట్మన్ అచ్చువేశాడు. ఈ పాఠంలో స్కెర్ట్సో మొదటిసారి ఘనంగా ముగియకుండా మెల్లగా మధ్యభాగంలోకి జారిపోతుంది, తిరిగి వచ్చినప్పుడు కుదించుకుని వస్తుంది. చివరి భాగంలో మొదటి ఇతివృత్తం పునరాగమనం లేదు. ఇత్తడి తాళాలు (సింబల్స్) ఒకచోట ఫెళ్లున మోగి, చివర్లో గుసగుసగా మళ్లీ వినిపిస్తాయి. లోకం ఐదు దశాబ్దాల దాకా నాలుగో సింఫనీ అంటే ఇదే అనుకుంది. ఫుర్ట్‌వెంగ్లర్, క్నాపర్ట్స్‌బుష్ లాంటి కండక్టర్లు ఆ తర్వాత కూడా దీన్ని వదల్లేదు.

ఇక పరిష్కర్తల వంతు, అంటే రాతప్రతులను సరిచూసి అచ్చుకు సిద్ధంచేసే పండితుల వంతు. 1893లో రాసిన వీలునామాలో బ్రూక్నర్ తన సింఫనీల రాతప్రతులను వియన్నా రాజ గ్రంథాలయానికి రాసిచ్చాడు. ఎంత ముందుచూపు! ఆ ప్రతుల ఆధారంగానే రాబర్ట్ హాస్ 1930లలో సమగ్ర ముద్రణ మొదలుపెట్టాడు. 1936లో నాలుగో సింఫనీ 1880 రూపాన్ని ప్రచురించాడు. 1888 పాఠానికి మాత్రం తలుపు మూసేశాడు. అచ్చుకు వెళ్లిన ప్రతి మీద బ్రూక్నర్ సంతకం లేదు కాబట్టి అది ఆయనకు ఇష్టంలేని పని అన్నాడు.

ఆ కాలం ఎలాంటిదో మరిచిపోకూడదు. 1937 జూన్ 6న రేగెన్స్‌బర్గ్ దగ్గరి వాల్‌హల్లా స్మారక మందిరంలో బ్రూక్నర్ విగ్రహాన్ని హిట్లర్ సమక్షంలో ప్రతిష్ఠించారు. హాస్ నాజీ పార్టీ సభ్యుడు. ‘స్వచ్ఛమైన’ బ్రూక్నర్, ‘కల్తీ చేసిన’ శిష్యులు అన్న మాటలు ఆ రోజుల్లో ఎంత సులువుగా చెల్లుబాటయ్యాయో ఊహించవచ్చు. హాస్ పాండిత్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. రాతప్రతులను ఆయన చదివినంత శ్రద్ధగా చదివినవాళ్లు తక్కువ. కానీ నాలుగో సింఫనీ విషయంలో ఆయన తీర్పుకు సాక్ష్యం చాలలేదు.

యుద్ధం ముగిశాక హాస్‌ను తొలగించారు. తర్వాత వచ్చిన లియోపోల్డ్ నోవాక్ 1953లో నాలుగో సింఫనీని మళ్లీ ప్రచురించాడు. ఈసారి ఆధారం, 1886లో బ్రూక్నర్ స్వల్ప మార్పులు చేసి న్యూయార్క్‌లోని కండక్టర్ ఆంటన్ జైడల్‌కు పంపిన ప్రతి. అది కొలంబియా విశ్వవిద్యాలయంలో దొరికింది. 1874 పాఠాన్ని కూడా నోవాక్ 1975లో అచ్చువేశాడు. ఆ సెప్టెంబరు 20న లింట్స్‌లో కుర్ట్ వోస్ నడిపించగా మ్యూనిక్ ఫిల్‌హార్మనిక్ దాన్ని మొదటిసారి పూర్తిగా వినిపించింది. రాసిన 101 ఏళ్లకు! 1980లలో ఎలియాహూ ఇన్బాల్ ఫ్రాంక్‌ఫర్ట్ రేడియో ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాక అది మామూలు శ్రోతలకూ చేరింది.

1888 పాఠానికి న్యాయం జరగడానికి ఇంకా సమయం పట్టింది. అమెరికన్ పండితుడు బెంజమిన్ కోర్స్ట్‌వెట్, అచ్చుకు వెళ్లిన ప్రతిలో బ్రూక్నర్ సొంత చేతి దిద్దుబాట్లు ఎన్నో ఉన్నాయని చూపించాడు. జనవరి కచేరీ విన్నాక ముసలాయన మళ్లీ కూర్చుని, తేదీలు కూడా వేసుకుంటూ సవరించాడు. నచ్చని పనికి ఎవరైనా అంత కష్టపడతారా? శిష్యులు మొదలుపెట్టారు, గురువు చూశాడు, దిద్దాడు, అచ్చుకు పంపాడు. 2004లో ఆ పాఠం సమగ్ర ముద్రణలో చేరింది. తొమ్మిదో సింఫనీకి లోవె చేసిన పని, నాలుగో సింఫనీకి చేసిన పని ఒకటి కావు. మొదటిదాంట్లో గురువు లేడు. రెండోదాంట్లో పక్కనే ఉన్నాడు.

అందుకే ‘ఏది అసలైనది?’ అని అడగడం నాకు సరిపడదు. పాఠభేదాలు చూసేటప్పుడు మనం సాధారణంగా పోయిన మూలాన్ని వెతుకుతాం. ఇక్కడ మూలం ఎక్కడికీ పోలేదు. ఒకే మనిషి 50 ఏట ఒకలా, 56 ఏట ఒకలా, 63 ఏట ఒకలా విన్నాడు. 1874 పాఠంలో తెగింపు ఉంది, 1880లో నిర్మాణ బలం ఉంది, 1888లో రంగులు మారే తీరులో సుళువు ఉంది. నా మనసు 1880 చివరి భాగం దగ్గరే ఆగుతుంది. ఆ మహా ఆరోహణకు సాటి వచ్చేది మిగతా రెండింట్లో నాకు దొరకలేదు. కానీ 1874 స్కెర్ట్సో విననివాళ్లకు వేట స్కెర్ట్సో ఎంత పెద్ద నిర్ణయమో అర్థం కాదు.

కచేరీలో పోల్చి వినడం అంత సులువు కాదు. 1932లో మ్యూనిక్‌లో చేసినట్టు, గంటకు పైగా సాగే సింఫనీని ఒకే రాత్రి రెండుసార్లు వాయించమని ప్రతి ఆర్కెస్ట్రానీ అడగలేం. రికార్డింగులు ఆ లోటు కొంత తీర్చాయి. 2021లో కండక్టర్ యాకుబ్ హ్రూషా, ‘బాంబెర్గ్ సింఫనీ’ అనే ఆర్కెస్ట్రా కలిసి నాలుగో సింఫనీ మూడు పాఠాలనూ, ‘ఫోక్స్‌ఫెస్ట్’ ముగింపునూ ఒకే సంపుటిగా తెచ్చారు. బ్రూక్నర్ 200వ జయంతి అయిన 2024 నాటికి కండక్టర్ మార్కుస్ పోష్నర్ అన్ని సింఫనీల అన్ని పాఠాలనూ రికార్డు చేశాడు. హాళ్లు చేయగలిగిందీ, చేయాల్సిందీ ఒకటుంది: కరపత్రంలో ‘సింఫనీ నం. 4’ అని వదిలేయకుండా ఏ పాఠమో, ఎవరి పరిష్కరణో అచ్చువేయడం. వంటల పోటీ నిర్వాహకులు వంటకం పేరు చెప్పకుండా పళ్లెం పెట్టరు కదా.

చెప్పకపోయినా చెవులతో పట్టుకోవచ్చు. స్కెర్ట్సోలో హార్న్ ఒంటరిగా పిలిచి ఆగితే 1874. చివరి భాగంలో తాళాలు మోగితే 1888. వేట హార్న్‌లు వినిపించి, తాళాలు చివరిదాకా మౌనంగా ఉంటే హాస్ ప్రతో నోవాక్ ప్రతో అయి ఉంటుంది. ఆ రెండింటి తేడా ఆఖరి క్షణాల్లో ఉంది. మొత్తం ఆర్కెస్ట్రా ఒక్క గొంతుతో నిలబడ్డప్పుడు మూడో, నాలుగో హార్న్‌లను వెతకండి. గంట కిందట పొగమంచులో విన్న ఆ ప–స–ప పిలుపు వాటిలో తిరిగి వస్తే, అది బ్రూక్నర్ న్యూయార్క్‌కు పంపిన ప్రతి.