చట్టం ఎలా తయారవుతుందంటే...

చిట్టితల్లికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న టీవీలో పార్లమెంటు చూసి ఫోన్లో అడిగారుగా, "చట్టం ప్రధానమంత్రి ఒక్కరే రాసేయొచ్చు కదా తాతయ్యా, ఇంతమంది అరుచుకోవడం దేనికి?" అని. మంచి ప్రశ్న. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

చట్టం దేశమంతా తొడుక్కోవలసిన చొక్కా అనుకోండి. దర్జీ ముందు గుడ్డ కత్తిరించి కచ్చాకుట్టు వేస్తాడు. ఆ దశలో ఉన్నదే బిల్లు. మా చిన్నప్పుడు సంక్రాంతికి అన్నదమ్ములందరికీ ఒకే తానులో గుడ్డ తీసేవారు. దర్జీ తాత కచ్చాకుట్టు చొక్కా తొడిగి "చేతులు పైకెత్తరా" అనేవాడు. చంకలో పట్టేస్తే సుద్దముక్కతో గీత గీసి, అక్కడికక్కడే కుట్టు విప్పేవాడు. పండగ దగ్గరికొచ్చిందని మేమెంత గోల చేసినా తొందరపడేవాడు కాదు.

లోక్‌సభలోని 543 మంది మన తరఫున చేతులెత్తి చూడాల్సినవాళ్లు. శ్రీకాకుళం జాలరికి ఎక్కడ బిగుతు, లద్దాఖ్‌లో గొర్రెలు కాసేవాళ్లకి ఎక్కడ వదులు అన్నది వాళ్లే చెప్పాలి. కొన్ని బిల్లులు స్థాయీ సంఘానికి వెళ్తాయి. రెండు సభల ఎంపీలూ అక్కడ కూర్చుని, తెలిసినవాళ్లను పిలిపించి, ఒక్కో వాక్యం తరచి చూస్తారు. అది టీవీలో రాదు. అక్కడికి పంపకుండా హడావుడిగా పాస్ చేసిన బిల్లును చూస్తే నాకు బాధేస్తుంది.

సభలో ఓటు మామూలుగా నోటితోనే, అవునో కాదో. ఎవరైనా ఒప్పుకోకపోతే లెక్కపెట్టాల్సిందే. అప్పుడు మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది. ఎంపీలు ఎక్కడున్నా ఆలోగా వచ్చేయాలి, ఆ తర్వాత తలుపులు మూసేస్తారు!

ఆపైన చొక్కా రెండో దర్జీ దగ్గరికి, అంటే రాజ్యసభకు వెళ్తుంది. ఇద్దరికీ కుదరకపోతే? 1961లో వరకట్న నిషేధ బిల్లు దగ్గర అదే జరిగింది. రెండు సభలూ కలిసి కూర్చుని తేల్చాయి. అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ సమావేశాన్ని నడిపిన స్పీకరు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆడపిల్ల పెళ్లికి కట్నం అడగడం తప్పని రాయడానికి దేశం అంత ఆలోచించింది తల్లీ.

చివరికి గుండీలు కుట్టేది రాష్ట్రపతి సంతకం. నచ్చకపోతే మళ్లీ చూడమని ఒకసారి వెనక్కి పంపొచ్చు. రెండు సభలూ మళ్లీ పాస్ చేస్తే మాత్రం సంతకం పెట్టాల్సిందే.

ఇంకో వింత. సభలో క్లాజుల మీద, అంటే బిల్లులోని ఒక్కో అంశం మీద, ఓటింగు రెండో క్లాజు నుంచి మొదలవుతుంది. చట్టం పేరుండే ఒకటో క్లాజు ఆఖర్న వస్తుంది. లోపలంతా కుదిరాకే పేరు! ఈసారి సమావేశాలప్పుడు సంసద్ టీవీ పెట్టి, ఆ ఒకటో క్లాజు పిలిచేదాకా కదలకుండా చూడండి. ఏ చట్టమో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య