ఉంగరాల మెమరీ

పిల్లలూ, ఆశీస్సులు.

ఫోన్‌లో మెమరీ ఫుల్ అయిందని మొన్న ఇల్లు పీకి పందిరేశారు కదా, ఒకప్పుడు ఆ మెమరీ కంటికి కనిపించేది, ఓపికుంటే లెక్కపెట్టుకోవచ్చు కూడా.

బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఆర్. నరసింహన్ గారి బృందం టిఫ్రాక్ అనే కంప్యూటర్ కట్టింది. 1960లో అది పనిలోకి వచ్చింది. అప్పటి రేడియోల్లో ఉండే వాల్వుల్లాంటివే అందులో 2,700 దాకా ఉండేవి, వాటి వేడి సంగతి మీరే ఊహించుకోండి. నాకు మాత్రం దాని మెమరీయే ముచ్చటగా అనిపిస్తుంది. 2,048 గళ్లు, గడికి 40 బిట్లు (బిట్టంటే ఒక 0 లేదా 1), బిట్టుకో ఫెర్రైట్ ఉంగరం, అంటే అయస్కాంతంగా మారే పదార్థంతో చేసిన ఉంగరం. మొత్తం 81,920 ఉంగరాలు. ఇంతా చేస్తే 10 కేబీ! మీరు తీసే 2 ఎంబీ ఫోటో ఒక్కటి దాచాలన్నా అలాంటివి రెండొందలకు పైగా కావాలి.

పూసంత ఉండే ఆ ఉంగరాల్లోంచి సన్నని రాగితీగలు నిలువునా అడ్డంగా దూర్చి వల అల్లుతారు, అదంతా చాలావరకు చేత్తో చేసే పనే. అయస్కాంతశక్తి ఉంగరం చుట్టూ ఒక వైపు తిరిగితే 1, రెండో వైపు తిరిగితే 0. ఫలానా ఉంగరాన్ని మార్చాలంటే దాని నిలువు తీగలో సగం కరెంటు, అడ్డ తీగలో సగం కరెంటు పంపాలి. సగం కరెంటుకి ఏ ఉంగరమూ కదలదు, రెండు తీగలూ కలిసే చోట ఉన్నది ఒక్కటే తిరుగుతుంది. ఎవరికి తట్టిందో గానీ, భలే ఉపాయం!

చదవడం ఇంకా తమాషా. ఉంగరాన్ని బలవంతంగా 0 వైపు తోస్తారు. అది గిర్రున తిరిగి ఇంకో తీగలో చిన్న కరెంటు పుట్టిస్తే, అందులో అంతవరకూ 1 ఉన్నట్టు. కానీ అలా చూడగానే అది కాస్తా చెరిగిపోయింది కదా, అందుకే చదివిన ప్రతిసారీ మళ్లీ రాసిపెట్టాలి. అయినా కరెంటు పోతే మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మీ ల్యాప్‌టాప్ ర్యామ్‌కి ఆ భాగ్యం లేదు.

1970లో ఇంటెల్ వాళ్లు 1,024 బిట్లు పట్టే 1103 చిప్ తెచ్చాక ఈ అల్లికలకు నూకలు చెల్లాయి. ఎప్పుడైనా మ్యూజియంలో ఇలాంటి ఉంగరాల వల ఉన్న పలక కనిపిస్తే భూతద్దం పెట్టి చూడండి, చాలా పలకల్లో ఐమూలగా పోయే తీగ ఒకటి ఉంటుంది, చదివేది దాంతోనే.

మీ తాతయ్య