ఫారంలో గడి, ఒంటి మీద రంగు

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో బుజ్జి అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. పొయ్యి మీద పప్పు ఉంది, "తర్వాత చెప్తానే" అని పెట్టేశాను. ఆ రాత్రంతా అదే మనసులో మెదిలింది. స్కూలు ఫారంలో 'రేస్', అంటే జాతి, అన్నచోట అమ్మ 'ఏషియన్' అని టిక్ పెట్టిందట. క్లాసులో ఒక అమ్మాయి "నువ్వు ఏషియన్‌వి కాదు, బ్రౌన్" అందట. "మరి నేనేంటి అమ్మమ్మా?" అని అడిగావు. ఫోన్‌లో తెమిలే మాట కాదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు మన ఇంటి సంగతే చెప్తాను. మా అమ్మకు మేం నలుగురం ఆడపిల్లలం. పెద్దక్క పచ్చగా ఉండేది. రెండో అక్కా, నేనూ చామనఛాయ. చెల్లెలు నలుపు. చెల్లెలికి పెళ్ళిచూపులప్పుడు వచ్చినవాళ్ళలో ఒకావిడ "ముఖం కళగానే ఉంది, రంగే కాస్త తక్కువ" అంది, దాని ఎదురుగానే. అది కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒకే కడుపున పుట్టాం, తాతముత్తాతలు నలుగురికీ ఒక్కరే. రంగులు మాత్రం మూడు. రంగును నిర్ణయించేది ఒక్క జన్యువు కాదు, చాలా ఉన్నాయి. అమ్మానాన్నల నుంచి ఎవరికి ఏవి వస్తాయో ఎవరి చేతిలోనూ లేదు.

ఇప్పుడు నీ చెయ్యి తిప్పి చూసుకో. అరచెయ్యి ఒక రంగు, పైన ఇంకో రంగు. నేను వాచీ తీస్తే మణికట్టు చుట్టూ పట్టీ మేర తెల్లగా కనిపిస్తుంది. నాట్లు వేసే ఆడవాళ్ళకు జాకెట్టు చేతుల అంచు దగ్గర గీత గీసినట్టు రంగు మారిపోతుంది. చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. ఎంత తయారవుతుంది, ఏ రకం తయారవుతుంది అన్నదే తేడా. ఎండ మండే దేశాల్లో వేల ఏళ్ళు బతికినవాళ్ళకు మెలనిన్ ఎక్కువైంది, అది వాళ్ళకు గొడుగు. ఎండ తక్కువైన చోట్ల ఒంట్లో విటమిన్ డి తయారవ్వాలంటే ఆ గొడుగు పల్చబడాలి, పల్చబడింది. రంగు వెనక ఉన్న పెద్ద కారణం సూర్యుడే.

అందుకే రంగు చూసి ఎవరు ఎవరికి చుట్టమో చెప్పలేం. పసిఫిక్ సముద్రంలో సాలమన్ దీవులు ఉన్నాయి. అక్కడివాళ్ళు బాగా నల్లగా ఉంటారు, చూస్తే ఆఫ్రికా వాళ్ళనే అనుకుంటాం. కానీ వంశం లెక్కన వాళ్ళు ఆఫ్రికా వాళ్ళకంటే ఆసియా వాళ్ళకే దగ్గర. ఇంకో వింత, అక్కడి పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే జుట్టు బంగారు రంగులో ఉంటుంది. అది యూరప్ నుంచి వచ్చింది కాదు, వాళ్ళలోనే పుట్టిన జన్యు మార్పు. ఇక మన హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, పోయినసారి ఆటోలో అటే వెళ్ళాం. ఏసీ అంటే చల్లటి గాలి మెషీను కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన ఆఫ్రికా వాళ్ళు ఉన్న చోటు అది. వాళ్ళ సంతతిని సిద్దీలంటారు. తరతరాలుగా వాళ్ళది ఈ ఊరే, ఉర్దూ మాట్లాడతారు, పెళ్ళి బరాత్‌లో మర్ఫా వాద్యం మోగించారంటే నిలబడ్డవాళ్ళు నిలబడలేరు. వాళ్ళను చూసి "ఏ దేశం?" అని అడిగితే ఎంత నొచ్చుకుంటారో నీకు ఇప్పుడు తెలుస్తుంది.

సరే, గడి సంగతికి వద్దాం. మీ అమెరికాలో 1790లో ఒక చట్టం చేశారు. బయటినుంచి వచ్చినవాళ్ళలో పౌరసత్వం 'స్వేచ్ఛగల తెల్లవాళ్ళకే' అన్నారు. 1870లో ఆఫ్రికా సంతతి వాళ్ళను కూడా చేర్చారు. మధ్యలో ఉన్నవాళ్ళ సంగతేంటి? తెల్ల అంటే ఏది తెల్ల?

టకావో ఒజావా అని ఒక జపాన్ ఆయన ఉండేవాడు. అమెరికాలోనే చదువుకున్నాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు. నా చర్మం తెల్లగానే ఉంది కదా, పౌరసత్వం ఇవ్వండి అన్నాడు. 1922 నవంబరులో సుప్రీం కోర్టు ఏమందంటే, తెల్ల అంటే చర్మం రంగు కాదు, కాకేసియన్ జాతి (అప్పటి పండితులు తెల్లవాళ్ళను చేర్చిన గుంపు పేరు) అని అర్థం, నువ్వు ఆ జాతి కాదు అంది. భగత్ సింగ్ థింద్ అని పంజాబు సిక్కు ఇంకొకాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో, తలపాగాతోనే పనిచేశాడు. పండితుల పుస్తకాల ప్రకారం ఉత్తర భారతం వాళ్ళు కాకేసియన్లే కదా, మరి నేను తెల్లవాడినే అన్నాడు. మూడు నెలలు దాటాయో లేదో, 1923 ఫిబ్రవరిలో అదే కోర్టు ఈసారి పండితుల మాట చెల్లదంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, జార్జ్ సదర్లాండ్. మామూలు మనిషి ఎవరిని తెల్లవాడనుకుంటాడో వాడే తెల్లవాడు అన్నాడు. ఒకాయనకు రంగు పనికిరాలేదు, ఇంకొకాయనకు వంశం పనికిరాలేదు. రెండిట్లో ఏది పట్టుకున్నా తలుపు మూసుకునేలా మాట మార్చారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. థింద్ తరఫున వాదించినప్పుడు నేను పై కులం వాడిని, మా దగ్గర కింది వాళ్ళను మేం ఎలా చూస్తామో మీరు నల్లవాళ్ళను అలాగే చూస్తారు కదా అన్న అర్థం వచ్చే వాదన కూడా పెట్టారు. తనకు జరిగిన అన్యాయాన్ని తప్పించుకోడానికి ఇంకొకరి మీది అన్యాయాన్ని సాక్ష్యంగా చూపారు. థింద్ మీద నాకు జాలి ఉంది, ఆ వాదన మీద లేదు. మా చెల్లెలిని "రంగు తక్కువ" అన్న నోరూ, ఆ వాదన రాసిన కలమూ ఒక ఊరివే.

తీర్పు తర్వాత అంతకుముందు పౌరసత్వం వచ్చిన మనవాళ్ళ దగ్గర్నుంచి కూడా లాక్కోవడం మొదలుపెట్టారు. థింద్‌కు చివరికి 1936లో, సైన్యంలో చేసినందుకు దొరికింది. భారతీయులందరికీ దారి తెరిచిన చట్టం 1946లో వచ్చింది.

ఈలోగా అక్కడి సెన్సస్‌లో, అంటే జనాభా లెక్కల్లో, మన గడి ఎన్నిసార్లు మారిందో చూడు. 1920 నుంచి 1940 వరకు భారతీయులు ఎవరైనా 'హిందూ' అని రాసేవాళ్ళు, అదీ జాతి పేరుగా. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సిక్కులు, ముస్లింలు కూడా ఉన్నారు, అందరూ 'హిందూ' జాతే. 1970లో మనవాళ్ళను 'వైట్' లెక్కలో వేశారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అన్నారు. అరవై ఏళ్ళలో మన చర్మం ఏమీ మారలేదు, తాతలు మారలేదు. లెబనాన్, ఈజిప్టు నుంచి వచ్చినవాళ్ళు మొన్నటిదాకా 'వైట్'. 2024లో ప్రభుత్వం వాళ్ళకు వేరే గడి పెట్టాలని నిర్ణయించింది.

అయితే ఆ ఫారం అబద్ధమా అంటే, కాదు. ఆ పేర్ల వల్ల మనుషులకు జరిగినవి నిజం. ఎవరికి ఇల్లు అమ్మలేదు, ఎవరిని బడిలో చేర్చుకోలేదు, ఈ రోజుకీ ఎవరికి అన్యాయం జరుగుతోంది అని తెలియాలంటే లెక్క ఉండాలి. అందుకని అమ్మ పెట్టిన టిక్ సరైనదే. భారతదేశం ఆసియాలో ఉంది, అంతవరకే దాని అర్థం. ఆ అమ్మాయి 'బ్రౌన్' అన్నది నీ చర్మాన్ని చూసి, అదీ తప్పు మాటేం కాదు. ఆమె ఒక సంగతి చెప్పింది, ఫారం ఇంకో సంగతి అడిగింది. ఆమెతో పోట్లాడకు, ఏసీ గార్డ్స్ కథ చెప్పు.

చిన్నోడా, నువ్వు నీ వాచీ తీసి మణికట్టు ఫోటో పంపు. నీ పట్టీ గీత పెద్దదో నాది పెద్దదో చూద్దాం.

ప్రేమతో,
అమ్మమ్మ